అల్యూమినియం వేస్తే ఆర్‌సీ ట్రక్కు విరగదన్న మాట నిజం కాదు

గతుకు నేలల మీద నడిపే ఆఫ్‌రోడ్ ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్ బొమ్మ) ట్రక్కు కొత్తగా కొన్నవారికి ఒక సలహా ఎటునుంచో తప్పకుండా చేరుతోంది. పెట్టె తెరిచిన రోజే ప్లాస్టిక్ భాగాలన్నీ తీసేసి అల్యూమినియంవి బిగించాలి, బ్రష్‌లెస్ మోటారుకు 3ఎస్ లైపో (మూడు సెల్స్ వరుసగా కలిపిన లిథియం పాలిమర్) బ్యాటరీ జోడించాలి, పెద్ద టైర్లు ఎక్కించాలి, కుదుపు తగ్గించే షాక్ అబ్సార్బర్లలో (షాకుల్లో) చిక్కటి ఆయిల్ పోయాలి, ఈ నాలుగూ చేస్తే బండి ఇక విరగదు అన్నది దాని సారాంశం. ఇది నమ్మి నెల తిరగకముందే బండిని అటకెక్కించిన వారిని చూశాను కాబట్టి, ఇందులోని ఒక్కొక్క మాటకూ విడిగా సమాధానం చెప్పడం అవసరమనుకుంటున్నాను.

తయారీదారులు కేవలం ఖర్చు తగ్గించుకోవడానికే ప్లాస్టిక్ వాడతారన్న ఊహ మీద మొదటి మాట నిలబడి ఉంది. చక్రాన్ని బండికి కలిపే సస్పెన్షన్ ఆర్ములకు సాధారణంగా వాడేది నైలాన్ జాతి ప్లాస్టిక్. దెబ్బ తగిలినప్పుడు అది కొంత వంగి మళ్లీ తన ఆకారానికి వస్తుంది, ఆ వంగడంలోనే దెబ్బ బలం కొంత ఖర్చయిపోతుంది. అల్యూమినియం ఆర్ము అంత సులువుగా వంగదు, ఒకసారి వంగితే తిరిగి రాదు. అది మోయని బలం దాని వెనకున్న హింజ్ పిన్‌కూ (ఆర్ము కీలులోని ఇనుప కడ్డీ), ఆ పిన్‌ను పట్టుకునే బల్క్‌హెడ్ దిమ్మకూ, అక్కడినుంచి ఛాసీకీ చేరుతుంది.

నా ట్రక్కుకు ముందువైపు రెండు అల్యూమినియం ఆర్ములు వేసిన కొత్తలో, అది ఒక గట్టు మీదనుంచి ఎగిరి ముక్కు రాయికి తగిలేలా దిగింది. ఆర్ము మీద చిన్న గీత తప్ప మరేమీ కనిపించలేదు. కానీ చక్రం లోపలికి తిరిగి ఉంది. విప్పబోతే హింజ్ పిన్ ఒంగిపోయి రంధ్రంలోంచి రావడం లేదు, పిన్ కూర్చునే బల్క్‌హెడ్ చెవి సగానికి చీలి ఉంది. అంతకుముందు అదే చోట ప్లాస్టిక్ ఆర్ము విరిగినప్పుడు పిన్ లాగి కొత్తది వేయడానికి పది నిమిషాలు పట్టింది. ఈసారి ముందు భాగమంతా ఊడదీయవలసి వచ్చింది. పైగా అదే పరిమాణంలో అల్యూమినియం నైలాన్ కంటే రెట్టింపు కంటే ఎక్కువ బరువు, బండి ఎగిరి దిగిన ప్రతిసారీ ఆ బరువు నేలను తాకుతుంది.

అల్యూమినియం ఎక్కడా పనికిరాదని నేను అనడం లేదు. ముందు చక్రాలను పట్టుకుని తిప్పే స్టీరింగ్ నకిల్స్‌లో బేరింగ్ కూర్చునే గూడు వదులు కాకుండా ఉండాలి, మోటారు మౌంటుకు వేడిని లాగి బయటకు పంపే గుణం కావాలి, షాకు మూతలకు మర ఊడని గట్టితనం కావాలి. ఈ మూడు చోట్లా లోహం నిజంగా మేలు చేస్తుంది. లోహంలోకి లోహపు స్క్రూ బిగించేటప్పుడు స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు (థ్రెడ్ లాక్) వేయడం మరవకూడదు, ప్లాస్టిక్‌కు మాత్రం దాన్ని తగలనివ్వకూడదు.

రెండో మాటలో బ్రష్‌లెస్ మోటారును మెచ్చుకోవడం సబబే. అరిగిపోయే బ్రష్‌లు అందులో లేవు, అదే కరెంటుతో ఎక్కువ పని చేస్తుంది. తప్పు దానికి మొదటిరోజే 3ఎస్ జోడించడంలో ఉంది. 3500 కేవీ (ఇక్కడ కేవీ అంటే కిలోవోల్టు కాదు, ఒక్కో వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్లు) మోటారు 2ఎస్ బ్యాటరీ 7.4 వోల్టుల వద్ద, భారం లేనప్పుడు, నిమిషానికి సుమారు 25,900 చుట్లు తిరుగుతుంది, 3ఎస్ 11.1 వోల్టుల వద్ద 38,850 చుట్లు తిరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే ఢీకొన్నప్పటి శక్తి రెండుంపావు రెట్లవుతుంది, ఎందుకంటే శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది. "విరగదు" అన్న హామీని ఈ లెక్క ఒక్కటే కొట్టివేస్తుంది. ఆ సలహా పూర్తిగా వదిలేసిన విషయం ఇంతకంటే ముఖ్యమైనది: మోటారు వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ 3ఎస్‌ను మోయగలదా, అందులో బ్యాటరీ మరీ దిగిపోకముందే కరెంటు ఆపే లైపో కటాఫ్ ఆన్ చేసి ఉందా అన్నది ముందుగా చూడాలి. నికెల్ బ్యాటరీ సెట్టింగులో లైపో నడిపితే సెల్ 3 వోల్టుల కిందికి దిగిపోయి పాడవుతుంది, ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జింగ్ పెట్టడం అగ్నిప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడమే.

పెద్ద టైర్ల విషయంలో లెక్క సూటిగా ఉంటుంది. 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న టైరు తీసి 120 మిల్లీమీటర్లది వేస్తే, చక్రం ఒక్కో చుట్టుకు బండి 20 శాతం ఎక్కువ దూరం పోతుంది, అంటే మోటారు మీద భారం అంత మేరకు పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి మోటారు ఇరుసు మీదుండే చిన్న గేరు (పినియన్) 18 పళ్లది తీసి, దాని బదులు 15 పళ్లది వేయాలి. ఆ పని చేయకుండా నడిపితే మోటారు వేడెక్కిపోతుంది. పినియన్ మార్చినప్పుడు సన్నని కాగితపు ముక్కను రెండు గేర్ల మధ్య పెట్టి, మోటారును స్పర్ గేర్‌కు (పినియన్ తిప్పే పెద్ద గేరు) ఆనించి బిగించి, చక్రం తిప్పి కాగితాన్ని బయటకు తీయాలి. అది చిరగకుండా ముడతలు మాత్రమే పడి వస్తే పళ్ల మధ్య ఖాళీ సరిపోయినట్టు. రెండు గేర్ల పిచ్ (పళ్ల కొలత) ఒకటే అయి ఉండాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

చిక్కటి ఆయిల్ సలహా ఎగిరి దిగడాన్ని ఒక్కటే దృష్టిలో పెట్టుకున్నది. నేలకు కొట్టుకోకుండా అది కాపాడుతుంది, నిజమే. కానీ వరుసగా గతుకులు వచ్చినప్పుడు ఒక గతుకుకు ముడుచుకున్న షాకు తర్వాతి గతుకు వచ్చేలోపు చాచుకోలేక కిందనే ఉండిపోతుంది, బండి కర్రలా ఎగిరెగిరి పడుతుంది. ఒక కంపెనీ 40 వెయిట్, మరో కంపెనీ 40 వెయిట్ ఒకే చిక్కదనం కావు కాబట్టి సీసా మీద సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) అంకె చూసి, ఉన్నదానికంటే ఒక మెట్టు మాత్రమే పెంచి, బండిని మోకాలెత్తు నుంచి వదిలి అది ఒక్కసారిగా కుదురుకుంటుందో లేదో గమనించాలి.

ఈ నాలుగింటి సందడిలో అసలు మొదట చేయవలసిన పని ఎవరూ చెప్పడం లేదు. కొన్ని కిట్లలో చక్రాల ఇరుసులు ప్లాస్టిక్ లేదా కంచు బుష్‌ల (గుండులు లేని గొట్టపు తొడుగులు) మీద తిరుగుతాయి. వాటిని బాల్ బేరింగులుగా మార్చితే మోటారు, బ్యాటరీ మార్చకుండానే బండి తేలిగ్గా నడుస్తుంది, వేడి తగ్గుతుంది, ఒక్క చార్జింగుకు నడిచే సమయమూ పెరుగుతుంది. ఆ తర్వాత భారం మరీ ఎక్కువైతే జారి గేర్లను కాపాడే స్లిప్పర్ క్లచ్ ఉన్న బండి అయితే దాన్ని మాన్యువల్ చెప్పిన కొలతకు సరిచేసి, పెట్టెలో వచ్చిన మోటారుతోనే నడపాలి. ఏ భాగం రెండోసారి అదే చోట విరిగిందో చూసి, దాన్ని మార్చాలి.