అంగుళానికి అడుగు

గోదావరి డెల్టాలో ఇల్లు కట్టుకునే ప్రతి మనిషికీ ఒక లెక్క తెలుసు. పెద్ద వరదకు నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో పెద్దవాళ్లను అడిగి, దానిపైన మరో అడుగు వేసుకుని బేస్‌మట్టం లేపుతారు. వీధిలో రోడ్డు మీద కొత్త పొర పడినప్పుడల్లా ఇళ్లవాళ్లు ఇంకో మెట్టు కలుపుకుంటారు. బ్యాంకు, పోస్టాఫీసు, రిజిస్ట్రారు కార్యాలయం, ఆసుపత్రి, అన్నీ నాలుగైదు మెట్ల పైనే ఉంటాయి. రేవులో స్నానానికి దిగాలంటే మెట్లు. ఏటిగట్టు ఎక్కాలంటే మెట్లు. తుఫాను వస్తే తలదాచుకునే పునరావాస కేంద్రం కూడా స్తంభాల మీదే నిలబడి ఉంటుంది. నీళ్లతో కాపురం చేసే నేలకు ఈ ఎత్తు తప్పదు. దాన్ని మేము తప్పుపట్టడం లేదు. అయితే ఆ ఎత్తుకు చేరే దారి అంతటా మెట్లుగానే ఉండిపోయింది. కాళ్లలో సత్తువ లేనివారు, చంకకర్రల మీద నడిచేవారు, మూడు చక్రాల సైకిల్ మీద తిరిగేవారు, బోదకాలుతో ఏళ్ల తరబడి అవస్థ పడుతున్న ముసలివారు ఆ మెట్ల కింద ఆగిపోతున్నారు.

మెట్లకు బదులు ర్యాంపు కట్టడానికి ఒక కొలత ఉంది. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2021లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం వాలు పన్నెండుకు ఒకటి మించకూడదు. మేస్త్రీకి అర్థమయ్యేలా చెప్పాలంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. మూడడుగుల బేస్‌మట్టానికి 36 అడుగుల ర్యాంపు కావాలి. మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడానికి చదునైన చోటు, రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీలు ఉండాలి. టేపు ఉన్న ఎవరైనా కొలిచి చూసుకోగల లెక్క ఇది.

డెల్టాలోని ఒక పురపాలక కార్యాలయం ముందున్న ర్యాంపును ఈ మధ్య మేము కొలిచాం. ఎత్తు 32 అంగుళాలు. పొడవు తొమ్మిది అడుగులు. ఉండవలసింది 32 అడుగులు. దాని మొదట్లో మూడు మోటారు సైకిళ్లు నిలిపి ఉన్నాయి. పైకి వెళ్తే ఎదురయ్యే గ్రిల్లు తలుపుకు తాళం వేసి ఉంది. మేము అక్కడ ఉండగానే ఇంటి పన్నులో పేరు మార్పించుకోవడానికి ఒక నడివయసు మనిషి మూడు చక్రాల సైకిల్ మీద వచ్చారు. ఆయన ర్యాంపు వైపు చూడనైనా లేదు. సైకిల్‌ను వేపచెట్టు కింద ఆపి, లోపలికి వెళ్తున్న కుర్రవాడిని పిలిచి, “బాబూ, రెండో గదిలో గుమస్తా గారిని ఒకసారి బయటికి రమ్మని చెబుతావా” అని అడిగారు. గుమస్తా ఇరవై నిమిషాలకు వచ్చారు. మర్యాదగా మాట్లాడి కాగితాలు తీసుకుని వెళ్లారు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కానీ తన కాగితం ఏ బల్ల మీద ఉందో, ఎవరి సంతకం కోసం ఆగిందో లోపలికి వెళ్లి కనుక్కునే వీలు ఆ పన్ను చెల్లింపుదారుకు లేకపోయింది. మిగిలిన ఊరందరికీ ఉన్న ఆ చిన్న వీలు కోసమే ఈ సంపాదకీయం.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అంతకు ముందున్న 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తిస్తే, ఇది 21 రకాలను గుర్తించింది. ఈ చట్టంలోని 44వ సెక్షన్ ప్రకారం, అందరూ వాడుకోగలిగే ప్రమాణాలు లేని భవన నమూనాకు అనుమతి ఇవ్వకూడదు, కట్టడం పూర్తయినట్లు ధ్రువపత్రమూ ఇవ్వకూడదు. ఆ రెండు కాగితాలూ ఇచ్చేది మన మున్సిపాలిటీలే. అప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలను నియమాలు వెలువడిన ఐదేళ్లలోగా సరిచేయాలని 45వ సెక్షన్ గడువు పెట్టింది. నియమాలు 2017 జూన్‌లో వెలువడ్డాయి. అంటే 2022 జూన్‌తోనే ఆ గడువు తీరిపోయింది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పది వేల రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా అని 89వ సెక్షన్ చెబుతోంది.

ఇవన్నీ సూచనలేనని, వీలున్నప్పుడు చూడవచ్చని అధికారులు ఇన్నాళ్లూ చెబుతూ వచ్చారు. ఆ మాటకు సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తెరదించింది. చూపులేని రాజీవ్ రతూరి వేసిన కేసులో తీర్పు ఇస్తూ, ప్రమాణాలను కేవలం సిఫారసులుగా మార్చేసిన, 2017 నియమాల్లోని 15వ నియమంలోని భాగం అసలు చట్టానికే విరుద్ధమని, తప్పనిసరిగా పాటించవలసిన కనీస ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. అంతకన్నా ముందు, 1992 నాటి 74వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 12వ షెడ్యూలు, దివ్యాంగులతో సహా బలహీన వర్గాల ప్రయోజనాలను కాపాడడాన్ని పురపాలక సంఘాల పనుల్లో ఒకటిగా రాసింది. వీధి దీపాలు, మురుగు కాలువలు ఎంత మున్సిపాలిటీ పనో ఇదీ అంతే.

రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలైంది. ఒకటో తేదీన సిబ్బందే ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. ఇది మంచి పని, మనసారా మెచ్చుకుంటున్నాం. డబ్బు గడప దాకా వచ్చింది. ఇక ఆ మనిషి గడప దాటి కాలేజీకి, కొలువుకు, సంతకు, సినిమాకు వెళ్లగలగాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని 2.68 కోట్ల దివ్యాంగుల్లో నూటికి 69 మంది పల్లెల్లోనే ఉన్నారు. పల్లె నుంచి బయటికి తీసుకెళ్లేది బస్సు.

కోనసీమలో ఒక బస్ స్టాపు దగ్గర మేము చూసినది చెబుతాం. డిగ్రీ చదివే అమ్మాయి, రెండు చంకకర్రలు. పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు నేల నుంచి మోకాలి ఎత్తున ఉంటుంది. మామూలుగా అయితే ఆమె కర్రలు రెండూ ముందు కండక్టరుకు అందించి, మెట్టు మీద కూర్చుని, చేతుల బలంతో ఒక్కొక్క మెట్టూ వెనక్కి జరుగుతూ ఎక్కాలి. వానాకాలంలో ఆ మెట్ల నిండా బురద. అదే బట్టలతో తరగతిలో కూర్చోవాలి. అయితే ఆమె రోజూ ఎక్కే ఉదయం బస్సు డ్రైవరు ఒక ఉపాయం కనిపెట్టారు. బస్సును స్టాపులో కాకుండా పది గజాలు ముందుకు తీసుకెళ్లి, కాలువ తూము పక్కనున్న సిమెంటు దిమ్మకు ఆనించి ఆపుతారు. దిమ్మకు ఒక పక్క మట్టి వాలుగా పోసి ఉంది. దాని మీదుగా నడిచి వచ్చి, దిమ్మ మీద నుంచి ఆ అమ్మాయి నిలబడే, కర్రలు వదలకుండానే బస్సులోకి అడుగు పెడుతుంది. సాయంత్రం తిరిగి వచ్చే బస్సుకు వేరే డ్రైవరు. అప్పుడు మళ్లీ కూర్చుని దిగవలసిందే.

ఆ దిమ్మలో మాకు ఒక పెద్ద పరిష్కారం కనిపించింది. ఎత్తుగా కట్టుకోవడం డెల్టాకు పుట్టుకతో వచ్చిన విద్య. బస్ స్టాపు అరుగును కూడా బస్సు మెట్టు ఎత్తుకు లేపి, ఒక పక్కన అంగుళానికి అడుగు చొప్పున వాలు కట్టి, డ్రైవరు దానికి ఆనించి ఆపేలా రోడ్డు మీద గీత గీస్తే చాలు. షెల్టరు కట్టేటప్పుడే ఈ పని చేస్తే అయ్యే అదనపు ఖర్చు నాలుగు బస్తాల సిమెంటు, రెండు ట్రాక్టర్ల మట్టి. అరుగు కట్టాల్సింది మున్సిపాలిటీ, ఆనించి ఆపాల్సింది ఆర్టీసీ. ఈ ఇద్దరినీ కలెక్టరు ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలి.

కొత్త బస్సుల విషయంలో నిబంధన స్పష్టంగానే ఉంది. 2020 మార్చి 1 నుంచి తయారయ్యే బస్సుల్లో దివ్యాంగులకు ప్రత్యేక సీట్లు, కర్రలు భద్రపరచుకునే చోటు, పట్టుకునే కమ్మీలు, చక్రాల కుర్చీని ఎక్కించి కదలకుండా బిగించే ఏర్పాటు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించారు. 2023 ఆగస్టులో ఆమోదం పొందిన ప్రధానమంత్రి ఈ-బస్ సేవా పథకం కింద విద్యుత్ బస్సులు పొందే నగరాల్లో కాకినాడ, రాజమహేంద్రవరం ఉన్నాయి. ఆ బస్సులు డిపోలోకి వచ్చిన రోజే చక్రాల కుర్చీలో ఉన్న ఒక మనిషి ఎక్కి దిగి చూసి, సరేనన్న తర్వాతే వాటిని రోడ్డెక్కించాలి.

ర్యాంపు ఒక్కటి కడితే పని అయిపోదు. అవే జనాభా లెక్కల్లో కదలికలో వైకల్యం ఉన్నవారు సుమారు 54 లక్షలైతే, చూపు, వినికిడి సమస్యలు ఉన్నవారు చెరో 50 లక్షలు. రావులపాలెం లాంటి కూడలిలో నిలబడిన అంధుడికి ఆగిన బస్సు అమలాపురానిదో రాజమహేంద్రవరానిదో పక్కవారు చెబితేనే తెలుస్తుంది. బస్సు తలుపు దగ్గర ఊరి పేరు వినిపించే చిన్న స్పీకరు, లోపల రాబోయే స్టాపు పేరు కనిపించే బోర్డు ఉంటే ఇద్దరి కష్టమూ తీరుతుంది. చదువురాని ముసలమ్మలకు కూడా ఆ స్పీకరు మేలు చేస్తుంది.

డెల్టాలో ప్రయాణం రోడ్డుతో ఆగదు. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి వశిష్ఠ పాయ దాటాలన్నా, ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి గౌతమి పాయ దాటాలన్నా నేటికీ జనాన్నీ బళ్లనూ ఏరు దాటించే పంటు ఒక్కటే దిక్కు. మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు ఎక్కే పంటు మీదికి చక్రాల కుర్చీ ఎక్కడం అసాధ్యం కాదు. కష్టమంతా గట్టుకూ పంటుకూ మధ్యనున్న నాలుగు గజాల్లో ఉంది. ఏటిలో నీటిమట్టం మారుతూ ఉంటుంది కాబట్టి అక్కడ పక్కా కట్టడం నిలవదు. రేగడి బురద మీద చెక్కలు పరుస్తారు. ఆ చెక్కల మధ్య సందుల్లో కర్ర దిగబడిందంటే మనిషి నీళ్లలో పడినట్లే. రేవు నడిపే హక్కుకు వేలం పాట పెట్టేటప్పుడు షరతుల్లో మూడు మాటలు చేర్చమని అడుగుతున్నాం. సందులు లేని, అంచులకు కట్టు ఉన్న వెడల్పాటి పలక ఒకటి. పక్కన పట్టుకోవడానికి తాడు. దివ్యాంగులను ముందుగా ఎక్కించడం. పాటదారుకు ఇది భారమయ్యే సంగతి కాదు.

వరద రోజుల్లో ఈ లోటు ప్రాణం మీదికి వస్తుంది. 2022 జులై వరదల్లో ఏటి మధ్యనున్న లంక గ్రామాల జనాన్ని పడవల మీద గట్టుకు చేర్చారు. మంచం మీద ఉన్నవారిని మంచంతోనే మోసుకొచ్చే పరిస్థితి. 1996 నవంబరు తుఫానును చూసిన కోనసీమకు, చీకట్లో గాలివానలో మెట్లెక్కి పై అంతస్తు చేరడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. విపత్తుల్లో దివ్యాంగులకు సమానమైన రక్షణ ఉండాలని చట్టంలోని 8వ సెక్షన్ అంటోంది. పింఛను ఎవరెవరికి ఇస్తున్నారో, వారి ఇల్లు ఎక్కడో గ్రామ, వార్డు సచివాలయాల దగ్గర రాసే ఉంది. ఆ జాబితా చేతిలో పట్టుకుని, తుఫాను హెచ్చరిక రాగానే ముందు ఎవరి ఇంటికి వాహనం వెళ్లాలో, ఎవరు తీసుకెళ్లాలో ఇప్పుడే నిర్ణయించుకోవచ్చు.

ఇంతలో గోదావరి పుష్కరాల తేదీలు ఖరారయ్యాయి. 2027 జూన్ 26 నుంచి జులై 7 వరకు పుష్కరాలు. రాజమహేంద్రవరం, కొవ్వూరు గోష్పాద క్షేత్రం, కోటిపల్లి, నరసాపురం, అంతర్వేది అన్న తేడా లేకుండా ఏటి పొడవునా రేవులు, రోడ్లు, బస్టాండ్లు, మరుగుదొడ్లు బాగుచేసే కాలం ఇది. పన్నెండేళ్లకు ఒకసారి వచ్చే ఈ పనులే ఆ తర్వాత పన్నెండేళ్లూ ఊళ్లకు మిగిలే సౌకర్యాలు. ఇప్పుడు గీసే నమూనాలో వాలు లేకపోతే 2039 దాకా ఉండదు.

2015 పుష్కరాల్లో ఒక రేవులో కనిపించిన దృశ్యం మాకు గుర్తుంది. పై మెట్టు మీద పక్షవాతంతో కుడిచెయ్యి, కుడికాలు పడిపోయిన ఒక ముసలాయన. కింద, ఎనభై మెట్ల దూరంలో గోదావరి. మనవడు రాగి చెంబుతో నీళ్లు తెచ్చి తాతగారి తల మీద పోస్తున్నాడు. మూడోసారి తెచ్చేసరికి జనం తోపులాటలో చెంబు సగం ఖాళీ. ఆ నీళ్లకే ఆయన ఎడమచెయ్యి ఎత్తి నది వైపు దండం పెట్టారు. అదే పుష్కరాల తొలిరోజు, జులై 14 ఉదయం, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మెల్లగా నడిచేవారికి విడిగా దారి ఉంటే, రద్దీలో పడి నలగకుండా వారు వెళ్లి రాగలరు. ప్రతి పెద్ద రేవులో కమ్మీలున్న వాలుదారి ఒకటి, దాని చివర చదునైన వేదిక మీద నదీజలంతో జల్లు స్నానం, మూడడుగుల తలుపున్న మరుగుదొడ్డి ఉండాలి. ఇవి లేని అంచనాలను వెనక్కి పంపమని గోదావరి తీర జిల్లాల కలెక్టర్లందరినీ కోరుతున్నాం.

స్థలం చాలదని కొందరు ఇంజినీర్లు అంటారు. 36 అడుగుల వాలును తిన్నగానే కట్టాలని ఎక్కడా లేదు, మూడు మడతలుగా తిప్పవచ్చు. అదీ కుదరని ఇరుకు భవనాల్లో జనంతో పనిపడే కౌంటర్లను కిందికి దించవచ్చు. డబ్బు లేదన్న మాటకు మాత్రం మేము ఒప్పుకోం. కట్టేటప్పుడే కలిపితే మొత్తం ఖర్చులో అది లెక్కకు రానంత తక్కువ. కట్టాక పగలగొట్టి మళ్లీ కట్టడమే దండగ ఖర్చు.

ఇక తనిఖీ. పని పూర్తయిందని కాంట్రాక్టరు కబురు పెట్టాక, బిల్లు మీద సంతకం చేసే ముందు, ఆ ఊళ్లోనే ఉన్న మూడు చక్రాల సైకిల్ మనిషిని ఒకరిని, చేతికర్ర పట్టుకుని నడిచే అంధుడిని ఒకరిని పిలవండి. వెనక నుంచి ఎవరూ తోయకుండా, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా వారిద్దరినీ కింది నుంచి పైదాకా వెళ్లి రమ్మనండి. వెళ్లి వచ్చాక బిల్లు చెల్లించండి.