పందికొక్కు తోక

(ఆదివారం, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్ట. బాబాయి చేతిలో ఇంగ్లీషు నిఘంటువు, వేలు 'బ్యాండికూట్' మీద.)

అమ్మాయి: మొదలెట్టావా బాబాయ్! నీ లెక్కన ఇంగ్లీషులో సగం మాటలు మనవే.

బాబాయి: సగం అక్కర్లేదు, ఇదొక్కటి చాలు. పందికొక్కే బ్యాండికూట్. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువూ అదే రాసింది.

అమ్మాయి: రాస్తే సరా? కంపెనీవాళ్ల మకాం మద్రాసు. తమిళ మాట ఎందుకు కాకూడదు?

బాబాయి: తమిళంలో దాన్ని పెరుచ్చాళి అంటారు. కన్నడంలో హెగ్గణ. ఇక్కడి ఉర్దూలో ఘూస్ (లంచాన్నీ అదే అంటారు, రెండూ గోడలు తవ్వేవే). వీటిలో దేన్ని సాగదీస్తే బ్యాండికూట్ అవుతుంది? అర్థం చూడు: కోపమొస్తే పందిలా గుర్రుమనే పెద్ద ఎలుక. ఇక 'ప' 'బ'గా ఎలా మారిందంటావా, నోటి ముందు సన్న కాగితం పెట్టుకో. 'పిన్' అని ఇంగ్లీషువాడిలా పలికితే గాలి తన్ని కాగితం ఊగుతుంది. 'పంది' అంటే దాదాపు కదలదు. గాలి తన్నని మన 'ప' వాడి చెవికి 'బ'లా వినిపిస్తుంది.

అమ్మాయి: సరళాదేశ సంధి అంటావేమోనని భయపడ్డాను. తల ఒప్పుకున్నా. మరి తోక? 'కొక్కు'లో 'క్కు' పోయి 'ట్' ఎక్కణ్ణుంచి వచ్చింది?

బాబాయి: కూట్ అనే నీటిపక్షి వాళ్ల భాషలో ముందే ఉందిగా. తెలియని మాట తెలిసిన మాటలోకి జారి ఉంటుంది.

అమ్మాయి: 'ఉంటుంది'! తలకేమో కాగితంతో పరీక్ష, తోకకేమో ఊహా?

బాబాయి: ...తోక దగ్గర దొరికిపోయాను.

అమ్మాయి: పిల్లలాడే వీడియోగేమ్‌లో క్రాష్ బ్యాండికూట్ ఉన్నాడు. వాడూ తెలుగోడేనా?

బాబాయి: పేరు వరకే. వాడు ఆస్ట్రేలియా జంతువు, ఎలుకే కాదు, కంగారూలా సంచి జంతువు. ఇంగ్లీషువాళ్లు పోలిక చూసి మన ఎలుక పేరు తగిలించారు. సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, తవ్వేటప్పుడు పిల్లల మీద మట్టి పడకుండా.

అమ్మాయి: సంచి గొడవ నాకెందుకు? మాట సంగతి చెప్పు.

బాబాయి: అసలు ఎలుక శాస్త్రీయనామం బాండికోటా ఇండికా. ఇంకేం కావాలి?

అమ్మాయి: చూశావా, అక్కడా 'కోటా'నే! 'కొక్కా' అనలేదు.

బాబాయి: ఆ పేరు ఇంగ్లీషు మాటలోంచే తీశారు, తోక మార్పూ వెంటే వెళ్లింది. (అమ్మేవాడితో) ఇదెంత బాబూ?