సోలార్ ప్లేటు ఇచ్చారు సరే, బ్యాటరీ ఎవరు మారుస్తారు?

గని, శకునాల గ్రామాల దగ్గర ఆరు వేల ఎకరాలకు కాస్త తక్కువగా సోలార్ ప్లేట్లు పరిచి ఉన్నాయి. 2017 నుంచి నడుస్తున్న ఈ వెయ్యి మెగావాట్ల పార్కు దేశంలోని పెద్ద పార్కుల్లో ఒకటి. అదే పాత కర్నూలు జిల్లాలో (2022 విభజన తర్వాత నంద్యాల అనాలి) ఆత్మకూరు దాటి నల్లమలలోకి వెళ్తే, లోపలి చెంచు గూడేల్లో రాత్రి బల్బు వెలగాలంటే ఇంటి కప్పు మీది ఒక్క ప్లేటే దిక్కు.

అక్కడికి లైను వేయకపోవడానికి కారణాలున్నాయి. అది పులుల అభయారణ్యం, అనుమతులు అంత తేలిగ్గా రావు. తీగ తెగి పడినా, వేటగాళ్లు దానికి కొక్కెం తగిలించినా జంతువులు చస్తాయి. పది గుడిసెల కోసం అడవిలో స్తంభాలు నాటితే ఖర్చూ తడిసి మోపెడవుతుంది. కాబట్టి అక్కడ సోలారే సరైన దారి. నా పేచీ అది ఇచ్చే పద్ధతితో.

2017 నాటి కేంద్ర సౌభాగ్య పథకం (ఇంటింటికీ కరెంటు) లైను వేయలేని ఇళ్లకు 200 నుంచి 300 వాట్ల ప్లేటు, బ్యాటరీ, ఐదు ఎల్ఈడీ బల్బులు, ఒక డీసీ ఫ్యాను ఇమ్మంది. మరమ్మతుల బాధ్యత ఐదేళ్లు. ప్లేటు పాతికేళ్లు పనిచేస్తుంది. మామూలు ఆసిడ్ బ్యాటరీ నాలుగైదేళ్లు నిలిస్తే గొప్ప. అంటే బాధ్యత గడువు, బ్యాటరీ ఆయువు ఇంచుమించు ఒకేసారి తీరతాయి.

చాలాచోట్ల అంతకాలం కూడా ఆగదు. వానాకాలం నాలుగు రోజులు ముసురు పడితే చార్జింగ్ ఎక్కదు. బ్యాటరీ మరీ అడుగంటకుండా కంట్రోలర్ (చార్జింగ్‌ను అదుపుచేసే పెట్టె) సరఫరా ఆపేస్తుంది, గోడ మీద ఎర్రలైటు వెలుగుతుంది. ఇంట్లో పసిబిడ్డ ఉంటుంది, బయట పాములు తిరుగుతుంటాయి. ఎవరో ఒకరు కంట్రోలర్ వైర్లు పీకి నేరుగా బ్యాటరీ టెర్మినళ్లకు చుట్టేస్తారు. బల్బు వెలుగుతుంది. ఇలా పదిసార్లు జరిగితే బ్యాటరీ పని అయిపోయినట్టే. దీన్ని ‘అవగాహన లోపం’ అని రాసుకుపోవడం అధికారులకు అలవాటు. చీకట్లో ఉన్నవాడు ఇంకేం చేస్తాడు?

డిస్టిల్డ్ వాటర్ పోసే పని లేని లిథియం బ్యాటరీ పెడితే ఈ బాధ చాలా తగ్గుతుంది, పోదు. అసలు తేడా లెక్కల్లో ఉంది. 300 వాట్ల ప్లేటు నుంచి నష్టాలు పోగా రోజుకు ఒక యూనిట్ చేతికొస్తుంది, అంటే నెలకు 30. తీగ ఉన్న కాలనీలోని ఎస్టీ కుటుంబానికి మన రాష్ట్రం నెలకు 200 యూనిట్ల వరకు ఉచితంగా ఇస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, తన ఖర్చుతోనే మారుస్తుంది. అడవిలోని కుటుంబం మాత్రం 30 యూనిట్లతో సరిపెట్టుకుని, ఐదేళ్ల తర్వాత వేల రూపాయల బ్యాటరీని తానే కొనుక్కోవాలి. నెలకింత కట్టించుకుంటేనే జాగ్రత్తగా చూసుకుంటారని వాదించేవాళ్లున్నారు. తేనె, బంక అమ్ముకుని బతికే కుటుంబాలకే ఈ క్రమశిక్షణ ఎందుకు నేర్పాలో నాకు అర్థం కాదు.

2023లో కేంద్రం మొదలుపెట్టిన పీఎం జన్‌మన్ పథకం కింద ఆదిమ గిరిజనుల ఇళ్లకు, మన చెంచులతో సహా, ఇంటికి 50,000 రూపాయల దాకా సోలార్ సాయం ప్రకటించారు. కొనడానికి అది చాలు. ఆ తర్వాత సంగతి రాష్ట్రం చూడాలి. తీగ ఉంటే పెట్టాల్సి వచ్చే ఉచిత కరెంటు ఖర్చును ఏటా బ్యాటరీల నిధికి జమచేయాలి. ప్రతి గూడెంలో ఒకరికి పని నేర్పి నెలజీతం ఇవ్వాలి. ఫ్యూజులు, కంట్రోలర్లు శ్రీశైలం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) దగ్గర సిద్ధంగా ఉంచాలి. అన్నిటికంటే ముందు ఇక్కడి డిస్కం ఏపీఎస్పీడీసీఎల్ ఆ ఇళ్లకు సర్వీసు నంబరు ఇవ్వాలి. అప్పుడు బ్యాటరీ పోతే అందరిలాగే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి అడిగే హక్కు వాళ్లకూ వస్తుంది. గూడెంలో సిగ్నల్ అందుతుందా అన్నది వేరే గొడవ.