మీరు చేయలేదా అంటే లెక్క చెప్పినట్టు కాదు

శాసనసభలో అప్పుల గురించి ఎవరు నోరెత్తినా ఎదుటి బెంచీల నుంచి వచ్చే మాట ఒక్కటే: మీరు చేయలేదా? అమరావతిలో అదే, హైదరాబాద్‌లోనూ అదే. బడ్జెట్ లెక్కల్లోకి రాకుండా ఏ ప్రభుత్వ కార్పొరేషన్ పేరుతో ఎంత తెచ్చారు, వడ్డీ ఎంత, దేన్ని హామీగా పెట్టారు, తీర్చేది ఎవరు అని అడిగితే మాత్రం జవాబు రాదు. గత ప్రభుత్వం చేసింది కాబట్టి మేం చేసినా తప్పు కాదనే వాదనకు అన్ని పార్టీలూ అలవాటు పడ్డాయి. మా కోపం దీనిమీదే. నిన్నటి తప్పు ఈరోజుకు అనుమతి పత్రం అయిపోతే, ఈరోజు తప్పు రేపు వచ్చేవాళ్లకు అనుమతి పత్రం అవుతుంది. దీనికి అంతు ఎక్కడ?

ఆంధ్రప్రదేశ్ సంగతే చూడండి. 2020లో వైసీపీ ప్రభుత్వం రాష్ట్ర అభివృద్ధి కార్పొరేషన్ పెట్టి, మద్యం మీద వచ్చే అదనపు పన్నును చూపించి బ్యాంకుల నుంచి వేల కోట్లు తెచ్చింది. తర్వాత బెవరేజెస్ కార్పొరేషన్ చేత బాండ్లు అమ్మించింది. ప్రజలు కట్టే పన్ను రాష్ట్ర సంచిత నిధికి చేరాలి, అక్కడి నుంచి చట్టసభ అనుమతితోనే బయటికి రావాలి అన్నది రాజ్యాంగం పెట్టిన కట్టుబాటు. రేపు వచ్చే పన్నును ఈరోజే అప్పులవాళ్లకు రాసిచ్చేస్తే ఆ కట్టుబాటుకు అర్థం లేదు. అప్పట్లో తెలుగుదేశం ఇదే చెప్పింది, గట్టిగా చెప్పింది. ఆ మాట నిజం కూడా. మరి 2025లో ఖనిజాభివృద్ధి సంస్థ పేరుతో సుమారు 9,000 కోట్ల రూపాయల బాండ్లకు వెళ్లింది ఎవరు? ఆ తెలుగుదేశం నడిపిస్తున్న ప్రభుత్వమే. రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న రాష్ట్ర ఖాతా నుంచి నేరుగా డబ్బు తీసుకునే వీలు అప్పు ఇచ్చేవాళ్లకు కల్పించారంటూ ఈసారి హైకోర్టుకు వెళ్లింది వైసీపీ. మద్యం పోయి ఖనిజం వచ్చింది. అడిగేవాళ్లు, అడిగించుకునేవాళ్లు కుర్చీలు మార్చుకున్నారు. పద్ధతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

తెలంగాణలో 2023 డిసెంబరులో కాంగ్రెస్ ప్రభుత్వం శ్వేతపత్రం పెట్టి రాష్ట్రం అప్పు 6,71,757 కోట్లని ప్రకటించింది. నాలుగు రోజులకే బీఆర్ఎస్ స్వేదపత్రం పేరుతో తన లెక్క తెచ్చింది. ప్రభుత్వం కట్టనవసరం లేని కార్పొరేషన్ల అప్పులు కూడా కలిపేశారన్నది ఆ పార్టీ అభ్యంతరం. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. ప్రత్యర్థి అప్పు లెక్కపెట్టేటప్పుడు కార్పొరేషన్లను కలుపుతారు, సొంత అప్పు చెప్పేటప్పుడు వాటిని తీసేస్తారు. ఒక్క కాళేశ్వరం కార్పొరేషనే 87 వేల కోట్ల రూపాయలకు పైగా రుణాలకు ఒప్పందాలు చేసుకుందని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ రాసింది. ఆ వడ్డీ ఎవరు కడుతున్నారు? నీళ్లు అమ్మి కార్పొరేషన్ కడుతోందా? ఖజానా కడుతోంది. ఖజానా కట్టే అప్పు ఖజానా అప్పే. దీనికి శ్వేతపత్రమూ అక్కర్లేదు, స్వేదపత్రమూ అక్కర్లేదు.

పన్నుల దగ్గరా ఇదే వరస. అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు 2020లో అప్పటి టీఆర్ఎస్ ప్రభుత్వం ఫీజులు పెడితే, జనాన్ని పీడిస్తున్నారని కాంగ్రెస్ వీధిలోకి వచ్చింది, ఉచితంగా చేయాలంది. అధికారంలోకి వచ్చాక అదే కాంగ్రెస్ 25 శాతం రాయితీ అని చెప్పి అదే ఫీజు వసూలు చేసింది. ఫీజు పెట్టిన పార్టీ ఉచితంగా చేయాలని ధర్నాకు కూర్చుంది! కోకాపేట భూముల వేలాన్ని తప్పుపట్టిన కాంగ్రెస్ నాయకులే కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు చదును చేయడానికి యంత్రాలు పంపారు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపమంటే తప్ప ఆగలేదు.

కరెంటు బిల్లు ఇంకా బాధాకరం. 2022-23, 2023-24 సంవత్సరాల్లో కరెంటు కొనుగోలుకు అదనంగా అయిన ఖర్చును తర్వాత వసూలు చేసే ఇంధన సర్దుబాటు కింద ఆంధ్రప్రదేశ్ వినియోగదారుల మీద సుమారు 15 వేల కోట్లు పడింది. ఖర్చు జరిగింది వైసీపీ హయాంలో, వసూలు జరిగింది తెలుగుదేశం కూటమి హయాంలో. 2024 డిసెంబరులో వైసీపీ దీనిమీద రాష్ట్రమంతా ఆందోళనకు దిగింది. అది వాళ్లు చేసిన ఖర్చేనని కూటమి చేతులు దులుపుకుంది. అధికారంలోకి వస్తే చార్జీల భారం వేయబోమని ఎన్నికల ముందు చెప్పింది ఎవరన్నది మాత్రం కూటమిలో ఎవరూ గుర్తు చేసుకోలేదు. వీళ్ల మాటల మధ్య బిల్లు కట్టింది ఎవరు? నెలాఖరుకు చేతిలో ఎంత మిగులుతుందా అని టెన్షన్ పడే ఇల్లు.

గత ప్రభుత్వాలు మిగిల్చిన బకాయిలు నిజమేననీ, విభజన దెబ్బ నుంచి ఆంధ్రప్రదేశ్ ఇంకా పూర్తిగా కోలుకోలేదనీ, ఓట్లేసిన జనానికి ఇచ్చిన హామీలు ఆపలేమనీ పాలకులు అంటారు. కాదనం. కానీ అప్పు చేయాల్సి రావడం వేరు, చేసిన అప్పును దాచడం వేరు.

దాచినదాన్ని బయటికి తీయాల్సిన వ్యవస్థ ఒకటుంది. ప్రజాపద్దుల కమిటీ, అందరి నోటా పీఏసీ. కాగ్ నివేదికను ముందు పెట్టుకుని, అధికారులను పిలిచి, సభ ఇచ్చిన డబ్బు సభ చెప్పిన పనికే ఖర్చయిందా అని అడిగే చోటు అది. లోక్‌సభలో 1967 నుంచి ఆ కమిటీ అధ్యక్ష పదవి ప్రతిపక్షానికే ఇస్తున్నారు. ఖర్చు చేసినవాళ్లే లెక్క చూసుకుంటే అది తనిఖీ కాదు కాబట్టి. మన దగ్గర ఏం జరిగింది? 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు అప్పటి టీఆర్ఎస్‌లో కలిసిపోయారు, కాంగ్రెస్‌కు ప్రతిపక్ష హోదా పోయింది, కమిటీ అప్పటి ప్రభుత్వంతో స్నేహంగా ఉన్న మజ్లిస్‌కు వెళ్లింది. కాంగ్రెస్ అన్యాయమని గగ్గోలు పెట్టింది. 2024లో అదే కాంగ్రెస్ ఏలుబడిలో, బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచి కాంగ్రెస్‌కు దగ్గరైన ఎమ్మెల్యేను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఈసారి గగ్గోలు బీఆర్ఎస్‌ది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో వైసీపీ అభ్యర్థి పోటీలో ఉన్నా, కమిటీ పగ్గాలు అధికార కూటమిలోని జనసేనకే వెళ్లాయి. వైసీపీ ఓటింగ్‌ను బహిష్కరించింది.

ఇక్కడ ఒక సంగతి పాఠకుల ముందు పెట్టాలి. బుగ్గన రాజేంద్రనాథ్ ప్రతిపక్షంలో ఉండగా ఆ కమిటీ అధ్యక్షుడు, 2019 తర్వాత ఆర్థిక మంత్రి. పయ్యావుల కేశవ్ ప్రతిపక్షంలో ఉండగా ఆ కమిటీ అధ్యక్షుడు, 2024 తర్వాత ఆర్థిక మంత్రి. అంటే ఆంధ్రప్రదేశ్‌లో వరుసగా ఇద్దరు ఆర్థిక మంత్రులకు లెక్కలు ఎక్కడ దాస్తారో, ఎలా అడగాలో బాగా తెలుసు. 2021లో వేల కోట్ల చెల్లింపులకు సరైన ఓచర్లు లేవని పయ్యావుల గవర్నర్ దాకా వెళ్లారు. మంచి పని చేశారు. అలాంటి మనిషి ఆర్థిక శాఖ చూస్తున్నప్పుడే పీఏసీ ప్రతిపక్షానికి దక్కకుండా పోయింది, ఖనిజ బాండ్లూ ఆయన హయాంలోనే వచ్చాయి. 2021లో ఆయన అడిగిన ప్రశ్నలను ఇప్పుడు ఆయననే అడగడానికి ఆ కుర్చీలో ఎవరున్నారు? 11 మంది ఎమ్మెల్యేలకు ప్రతిపక్ష హోదా రాదు అన్నది ఒక వాదన కావచ్చు. ఆ హోదాకూ లెక్కల తనిఖీకీ ముడిపెట్టమని ఎవరూ చెప్పలేదు.

ప్రతిపక్షాలకూ ఈ పాపంలో వాటా ఉంది, అందులో అనుమానం లేదు. 2024 నవంబరు 11న 2.94 లక్షల కోట్ల బడ్జెట్ పెట్టిన రోజు వైసీపీ సభ్యులు సభలో లేరు. 2017 అక్టోబరులో సభను బహిష్కరిస్తున్నట్టు ప్రకటించిన ఆ పార్టీ ఆ పదవీకాలం ముగిసేదాకా తిరిగి రాలేదు. 2021 మే 20న వైసీపీ ప్రభుత్వం ఒక్క రోజు సమావేశంతో బడ్జెట్ కానిచ్చేస్తే తెలుగుదేశం బయట ఉంది. మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ సభకు వచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పద్దుల మీద ప్రశ్న వేయాల్సినవాళ్లు ప్రెస్‌మీట్లలో వేస్తున్నారు. ప్రెస్‌మీట్‌లో అడిగిన ప్రశ్నకు మంత్రి జవాబు చెప్పక్కర్లేదు. సభలో అడిగితే చెప్పాలి, అది రికార్డులో ఉంటుంది. ఈ తేడా వాళ్లకు తెలియదా?

బడ్జెట్‌ను ఆయుధంగా వాడిన రోజులు కూడా మరచిపోలేదు. 2020 జూన్‌లో శాసన మండలిలో మెజారిటీ ఉన్న తెలుగుదేశానికీ, ప్రభుత్వానికీ రాజధాని బిల్లుల మీద పట్టుదల పెరిగి, ఖజానా నుంచి ఖర్చుకు అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదం పొందకుండానే మండలి వాయిదా పడింది. 14 రోజులు గడిస్తే ఆ బిల్లు ఆమోదం పొందినట్టే అని రాజ్యాంగం చెబుతోంది, కాబట్టి ఎవరూ గెలిచింది లేదు. ఆ నెల జీతాలు, పింఛన్లు మాత్రం ఆలస్యమయ్యాయి. 2024లో ఎన్నికల పేరుతో నాలుగు నెలలు, తర్వాత ఆర్డినెన్సుతో మరో నాలుగు నెలలు పూర్తి బడ్జెట్ లేకుండా కొన్ని నెలల ఖర్చుకే అనుమతిచ్చే ఓటాన్ అకౌంట్ మీదే ఆంధ్రప్రదేశ్ బండి నడిచింది. మొదటి నాలుగు నెలలకు కారణం ఉంది. ఖజానా పరిస్థితి తేలలేదన్నది రెండోసారి చెప్పిన కారణం. అదే జులైలో 9.74 లక్షల కోట్ల అప్పు అని శ్వేతపత్రం పెట్టగలిగినవాళ్లకు పూర్తి బడ్జెట్ పెట్టడానికి నవంబరు దాకా ఎందుకు పట్టింది? రేపు ఎవరైనా ఎన్నికలతో పనిలేకుండా ఆర్డినెన్సులతో ఏడాది గడిపేస్తే అడ్డు చెప్పే అర్హత ఎవరికి మిగులుతుంది? మీరు చేయలేదా అంటారు.

కేంద్రం కూడా పెద్దమనిషి వేషం కట్టనక్కర్లేదు. భారత ఆహార సంస్థ చేత జాతీయ చిన్న మొత్తాల నిధి నుంచి అప్పులు చేయించి, తన సబ్సిడీ ఖర్చును బడ్జెట్ బయట ఉంచింది ఢిల్లీయే. 2021 బడ్జెట్‌లో దాన్ని లెక్కలోకి తెచ్చింది. ఆ మరుసటి ఏడాదే రాష్ట్రాల కార్పొరేషన్ల అప్పులను రాష్ట్రాల అప్పుల పరిమితిలో కలిపింది. కలపడం సరైనదేనని మా అభిప్రాయం, అయినా దీనిమీద కేరళ వేసిన కేసు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. సెస్సులు, సర్‌చార్జీల పేరుతో రాష్ట్రాలకు వాటా ఇవ్వనక్కర్లేని పన్నులు వేస్తూనే రాష్ట్రాలకు క్రమశిక్షణ నేర్పుతామంటే ఎవరు వింటారు?

మేం అడుగుతున్నది పెద్ద సంస్కరణ కాదు. ప్రతి బడ్జెట్ పుస్తకంలో కార్పొరేషన్ల అప్పుల జాబితా పెట్టండి. అప్పు ఎంత, వడ్డీ ఎంత, హామీ ఏది, ఖజానా నుంచి ఈ ఏడాది కట్టబోయేది ఎంత. అధికారుల దగ్గర ఈ వివరాలన్నీ ఉన్నాయి, ప్రతి నెలా వడ్డీ కట్టేది వాళ్లే. ప్రజాపద్దుల కమిటీని ప్రతిపక్షానికి ఇవ్వండి. ప్రతిపక్షం హోదా గొడవ పక్కన పెట్టి సభకు వచ్చి ఆ జాబితా మీద మాట్లాడాలి. రావడం ఇష్టం లేకపోతే ఎమ్మెల్యే పదవి ఎందుకు ఉంచుకున్నారో తమ నియోజకవర్గం ఓటర్లకు చెప్పాలి.

ఇక ఆర్థిక మంత్రులిద్దరికీ. వచ్చే బడ్జెట్ ప్రసంగంలో గత ప్రభుత్వం పేరు ఎత్తే ముందు మీ హయాంలో కార్పొరేషన్లు తెచ్చిన అప్పు ఎంతో ఒక్క అంకె చదవండి. అది చదవలేకపోతే ఇంకో శ్వేతపత్రం అచ్చు వేయించకండి. ఆ కాగితానికి కూడా డబ్బు కడుతున్నది జనమే.