లోగో మీద ఉన్న శ్రద్ధ తెలుగు అక్షరాల మీద ఏది?

నిజాం పాలనలో 1941లో మొదలై, గన్‌ఫౌండ్రీ కేంద్రంగా పనిచేసిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో విలీనమైంది. పేరు పోయింది కానీ బోర్డు మీది నీలి గుండ్రం పోలేదు. అనుబంధ బ్యాంకులు అప్పటికే ఎస్‌బీఐ గుర్తునే వాడుతున్నాయి. మన బ్యాంకు ఎటో పోతోందన్న బెరుకు ఖాతాదారుల్లో తగ్గడానికి ఆ గుర్తు కూడా సాయపడిందని నా నమ్మకం.

దాన్ని 1971లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు చెందిన శేఖర్ కామత్ రూపొందించారు. అంతకుముందు ఎస్‌బీఐ గుర్తు మర్రిచెట్టు. చెట్టుకు అర్థం ఎక్కువే, కానీ ఊడలూ ఆకులూ చిన్న సైజులో అచ్చేస్తే అలికినట్టు అయిపోతాయి. నీలి వృత్తం, నడుమ చిన్న రంధ్రం, అక్కడి నుంచి కిందికి ఒక సన్నని దారి. పాస్‌బుక్ మీద వేసినా, ఏటీఎం పైన వెలిగించినా, నలుపు తెలుపుల్లో ముద్రించినా ఆ ఆకారం చెదరదు. తాళం రంధ్రమని కొందరు, అహ్మదాబాద్‌లోని కాంకరియా చెరువని కొందరు చెప్పుకుంటారు. ఈ కథలేవీ తెలియని మనిషి కూడా దూరం నుంచి చూసి బ్యాంకు ఎక్కడుందో చెప్పేస్తాడు. దశాబ్దాల పాటు ఆ ఆకారం జోలికి వెళ్లకపోవడమే దానికి ఇంత బలం ఇచ్చింది.

పెద్ద సంస్థలు ఏ రంగు వాడాలి, లోగో చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, ఏ ఫాంటులో రాయాలి అన్నవన్నీ గైడ్‌లైన్స్‌గా రాసి పెట్టుకుంటాయి. నా అభ్యంతరం అక్కడే. ఇంగ్లిష్ పేరులో అక్షరాల మధ్య ఎడం కూడా కొలుస్తారు. తెలుగు పేరును మాత్రం చాలాచోట్ల బోర్డులు చేసేవాళ్ల కంప్యూటర్‌లో ఏ ఫాంటు ఉంటే దానికే వదిలేస్తారు.

తెలుగు లిపి నిర్మాణమే వేరు. ‘ఇండస్ట్రీస్’ అని రాస్తే ఒక్క అక్షరానికే పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. ఇంగ్లిష్ పెద్దక్షరాల ఎత్తులోనే దీన్ని ఇరికిస్తే అసలు అక్షరం చిక్కిపోతుంది, వత్తులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. బోల్డ్ చేస్తే లోపలి ఖాళీలు పూడిపోతాయి. థ, ధల మధ్య తేడా ఒక్క చుక్కే, అది కూడా కనబడదు.

మన అక్షరాలు వ్యక్తిత్వాన్ని మోయలేవని ఎవరూ అనలేరు. సంతకం లేకపోయినా బాపు రాతను తెలుగువాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. ఫాంటులు లేవన్న సాకూ ఇప్పుడు చెల్లదు. ముంబయికి చెందిన ఏక్ టైప్ తయారుచేసిన ‘అనేక్’లో తెలుగు, ఇంగ్లిష్ సహా పలు లిపులు ఒకే కుటుంబంగా ఉన్నాయి. సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా అన్నీ దొరుకుతాయి, అదీ ఉచితంగా.

తెలుగు రాష్ట్రాల్లో వ్యాపారం చేసే సంస్థ లోగో పని మొదలుపెట్టిన రోజే తెలుగు పేరును కూడా డిజైనర్ ముందు పెట్టాలి. వత్తులకు ఎంత చోటు కావాలో, అంతకన్నా చిన్నగా ఎక్కడా రాయకూడని సైజు ఏదో గైడ్‌లైన్స్‌లో ఉండాలి. తెలుగు చదవగలిగిన డిజైనర్ ఒకరు ప్రూఫ్ చూసి సరేనన్నాకే బోర్డు ప్రింటింగ్‌కు వెళ్లాలి.