శబ్ద, కాంతుల శాఖ ఒకటి పెట్టండి మహాప్రభో

దేశానికి రోగమొచ్చినా, యుద్ధమొచ్చినా ప్రభుత్వం ముందుగా చూసేది పౌరుడి చేతులు ఖాళీగా ఉన్నాయేమోనని. ఖాళీ చేతులు ఊరుకోవు. కాగితం, కలం అందుకుని లెక్కలు అడుగుతాయి. అందుకే వెంటనే ఏదో ఒకటి పట్టిస్తారు. కరోనా వచ్చిన 2020లో మార్చి 22 సాయంత్రం 5 గంటలకు పళ్లెం, గరిటె. ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు దీపం. 2025 మే 7న 244 పౌర రక్షణ జిల్లాలకు సైరన్. ఇంత అనుభవం గడించాక కూడా కేంద్రంలో దీనికంటూ ఒక ప్రత్యేక శాఖ లేకపోవడం పెద్ద లోటు. శబ్ద, కాంతుల శాఖ అని పేరు పెడితే సరిపోతుంది. మంత్రి పదవికి పోటీ ఎలాగూ ఉంటుంది.

దీపాల కార్యక్రమాన్నే తీసుకోండి. ఏప్రిల్ 3 ఉదయం ప్రకటించి 5 రాత్రి అమలు చేశారు. అంటే రెండున్నర రోజుల గడువు. అంతకు ముందు మార్చి 24న, దేశం మొత్తాన్ని ఇళ్లలో పెట్టి తలుపులు మూయడానికి ఇచ్చిన గడువు నాలుగు గంటలు. రాత్రి 8కి చెప్పి, 12కి మూసేశారు. న్యాయమే మరి. దీపం పెట్టాలంటే ప్రమిద, నూనె, వత్తి సమకూర్చుకోవాలి. సొంతూరు చేరడానికేముంది, కాళ్లుంటే చాలు.

ఆ రాత్రి నిజంగా చెమటలు పట్టింది కరెంటు ఇంజినీర్లకి. దేశమంతా ఒకేసారి స్విచ్ కట్టేస్తే గ్రిడ్ కుప్పకూలొచ్చని వాళ్లకు తెలుసు. బాబ్బాబు, లైట్లు మాత్రమే ఆపండి, ఫ్యాన్లూ ఫ్రిజ్‌లూ ముట్టుకోకండి, వీధి దీపాలు వెలుగుతూనే ఉంటాయి అని విద్యుత్ శాఖ వివరణ ఇచ్చుకుంది. డిమాండ్ 12, 13 వేల మెగావాట్లు తగ్గుతుందని లెక్కేసుకుంటే ఏకంగా 31 వేల పైన తగ్గింది. మన జనానికి పని చెప్పేటప్పుడు కాస్త చూసుకుని చెప్పాలి. ఇటు ఇంజినీర్లు జల విద్యుత్తును నిమిషాల మీద 25 వేల మెగావాట్ల నుంచి 8 వేలకు దించి, మళ్లీ పైకి లేపి, ఊపిరి బిగబట్టి కూర్చుంటే, అటు హైదరాబాద్‌లో ఒక ఎమ్మెల్యేగారు అనుచరులతో కాగడాలు పట్టి వీధిలోకొచ్చి చైనా వైరస్‌ను వెనక్కి పొమ్మని గద్దించారు. భౌతిక దూరం పాటించాల్సిన బాధ్యత వైరస్‌దే అనుకోవాలి. కొన్నిచోట్ల టపాసులు కూడా పేలాయి. సరుకుల కోసం బయటికొస్తే లాఠీ తగిలిన రోజుల్లో టపాసులు ఏ కొట్లో అమ్మారో! ఏమైతేనేం, గ్రిడ్ బతికి బట్టకట్టింది. వైరస్ కూడా.

రాష్ట్రాలను తక్కువ చేస్తున్నానని అనుకోకండి. ఇద్దరు తెలుగు ముఖ్యమంత్రులూ ఆ మార్చిలో, కరోనాకు పారాసిటమాల్ చాలన్న దగ్గర కలిశారు. ఆంధ్రాలో అదనంగా బ్లీచింగ్ పౌడర్ కూడా.

ఆ నెలలోనే ఫోన్లో దగ్గు కూడా వచ్చింది. ఎవరికి ఫోన్ చేసినా ముందు ఒకడు దగ్గేవాడు, ఆ తర్వాతే రింగు. 2021 నాటికి దగ్గు పోయి, టీకా వేయించుకోండనే సందేశం వచ్చింది. మే నెలలో జనం ఆస్పత్రి మంచం కోసం, ఆక్సిజన్ సిలిండర్ కోసం నంబరు తర్వాత నంబరు నొక్కుతుంటే, ప్రతిసారీ ముందు ఆ ఉపదేశం వినాల్సిందే. మీ దగ్గర టీకాలే లేనప్పుడు ఈ చికాకు సందేశం ఎవరి కోసమని ఢిల్లీ హైకోర్టే విసుక్కుంది.

అదే మే నెల 10వ తేదీ రాత్రి, తిరుపతి రుయా ఆస్పత్రి. ట్యాంకర్ రావడం ఆలస్యమై ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయింది. ఐదు నిమిషాల్లోపే సరిచేశామని అధికారులు చెప్పారు. ఆ ఐదు నిమిషాల్లో పోయినవాళ్లు పదకొండు మంది అన్నారు. కాదు, ఇంకా ఎక్కువేనని వార్డులో తమవాళ్లకు అట్టముక్కలతో విసురుతూ నిలబడ్డ బంధువులు మొత్తుకున్నారు. తొమ్మిది నిమిషాల దీపాల ముచ్చట కోసం దేశంలోని గ్రిడ్ మొత్తాన్ని కంటికి రెప్పలా కాచుకున్న వ్యవస్థ ఇది. ఒక్క ఆస్పత్రిలో ఐదు నిమిషాలు గాలి అందించడం చేతకాలేదు. సిగ్గనిపించలేదా? అనిపించలేదు. జులై 20న రాజ్యసభలో కేంద్రం వారు, ఆక్సిజన్ కొరతతో చనిపోయినట్టు రాష్ట్రాలేవీ ప్రత్యేకంగా నివేదించలేదని చెప్పి కూర్చున్నారు. అంతకు ముందు 2020 సెప్టెంబరులో, నడిచి నడిచి దారిలో రాలిపోయిన వలస కూలీల సంగతి అడిగితే, అలాంటి లెక్కలు మా దగ్గర లేవన్నారు. లెక్క లేదు కాబట్టి పరిహారం ప్రశ్నే తలెత్తదట. దీపాలకు నిమిషాలతో సహా ముహూర్తం పెట్టినవాళ్లకు శవాలు లెక్కపెట్టడం రాలేదు.

యుద్ధానికొద్దాం. 2025 మే 7 తెల్లవారుజాము నుంచి జమ్మూకశ్మీర్‌లోని పూంఛ్‌లో ఇళ్ల మీద పాకిస్తాన్ పేల్చిన నిజం గుండ్లు పడ్డాయి. పిల్లలతో సహా పది మందికి పైగా పోయారు. సాయంత్రం 4 గంటలకు హైదరాబాద్‌లో మాక్ డ్రిల్ పేరిట ఉత్తుత్తి దాడి జరిగింది. సైరన్ మోగింది, మనవాళ్లు సెల్ఫీలు తీసుకున్నారు. మర్నాడు రాత్రి టీవీ యాంకర్లు స్టూడియో కుర్చీలు కదలకుండానే కరాచీ ఓడరేవును నేలమట్టం చేశారు. పూటపూటకీ ఎన్ని సైరన్లు మోగించారంటే, వార్తల్లో ఆ చప్పుడు వాడొద్దు, అసలుది మోగినప్పుడు జనం పట్టించుకోరని ప్రభుత్వమే మొత్తుకోవాల్సి వచ్చింది. చూశారా, ఆ శాఖ అవసరం.

కాల్పులు ఆగాక మూడు వారాలకు, అప్పటి త్రివిధ దళాధిపతి (సీడీఎస్) జనరల్ అనిల్ చౌహాన్‌గారు సింగపూర్‌లో ఒక విదేశీ వార్తాసంస్థ దగ్గర నోరు విప్పారు. మన విమానాలు కూలిన మాట నిజమే, పాకిస్తాన్ చెప్పే ఆరు మాత్రం అబద్ధం, అయినా ఎన్ని అన్నది ముఖ్యం కాదు, ఎందుకు కూలాయన్నదే ముఖ్యం అన్నారు.

సరే సార్, ఎన్ని అన్నది వదిలేద్దాం. ఆ ఎందుకేదో చెప్పండి. రుయాకు ట్యాంకర్ ఎందుకు ఆలస్యమైంది? సరిహద్దు పక్కనే ఉన్న పూంఛ్ పట్టణంలో జనం తలదాచుకోడానికి బంకర్లు ఎందుకు లేవు?