సర్వీసులో సొట్ట పడిన కారు, ఆరోసారి వచ్చిన సందేశం

నెల రోజులుగా ఈ సందేశం నన్ను వదలడం లేదు. మొదట మా బావ పంపాడు. తర్వాత ఆఫీసు గ్రూపులో వచ్చింది. ఆపైన కావలి నుంచి పాత మిత్రుడు, అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి, మళ్లీ మా బావ. నిన్న పొద్దున పాలప్యాకెట్ తీసుకుంటూ ఫోను చూస్తే ఆరోసారి. “షోరూమ్ సర్వీసులో మీ కారు పాడైందా? లాయర్లు చెప్పని నిజాలు” అని శీర్షిక, చివర మూడు దండాల బొమ్మలు, కనీసం పదిమందికి పంపమని ఆజ్ఞ.

అందరూ ప్రత్యేకించి నాకే ఎందుకు పంపుతున్నారో తెలుసు. రెండేళ్ల కిందట నెల్లూరులో ఒక కంపెనీ సర్వీసు కేంద్రంలో నా కారుకు ఇదే గతి పట్టింది. ఆ గోడు అప్పట్లో వీళ్లందరి దగ్గరా వెళ్లబోసుకున్నాను. అనుభవించాను.

ఆ సందేశం ఇంకా అందనివాళ్లు ఎవరైనా ఉంటే సారాంశం ఇది. కారు గేటు దాటిందంటే మీకు హక్కు ఉండదు. జాబ్ కార్డు (కారు ఇచ్చేటప్పుడు చేయాల్సిన పనులు రాసి మన సంతకం తీసుకునే కాగితం) వెనక షరతు అచ్చువేసి ఉంటుంది కాబట్టి వాళ్లకు బాధ్యత లేదు. బిల్లు కట్టకుండా కారు తెచ్చేసుకోండి, ఆపే అధికారం వాళ్లకు లేదు. పోలీసులకు ఫోను చేస్తే మేనేజరు జైలుకు వెళ్తాడు. బయట బాగుచేయిస్తే వారంటీ మొత్తం రద్దు. వినియోగదారుల కోర్టు అంటే పదేళ్లు, లక్ష రూపాయలు. కనుక అన్నిటికన్నా తెలివైన పని, వాళ్లు అడిగిన చోట సంతకం పెట్టి మీ ఇన్సూరెన్స్‌లో క్లెయిము చేయించుకోవడం. మీ జేబులోంచి పైసా పోదు. కొసమెరుపు: శనివారం కారు సర్వీసుకు ఇవ్వకండి.

బాధ్యతే లేని మేనేజరు జైలుకు ఎందుకు వెళ్తాడో రాసినవాడికే తెలియాలి. పోనీ, ముందు ఆ జైలు సంగతే తేల్చేద్దాం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత అయినా, అంతకుముందున్న శిక్షాస్మృతి అయినా, ఆస్తికి నష్టం చేయడం నేరం కావాలంటే చేసినవాడికి ఆ ఉద్దేశమో, నష్టం జరుగుతుందన్న ఎరుకో ఉండాలి. వెనక్కి తీస్తూ మీ బంపరును స్తంభానికి తాకించిన కుర్రవాడికి ఆ రెండూ లేవు, అద్దంలోకి చూసే అలవాటు లేదంతే. ట్రయల్ పేరుతో రోడ్డెక్కించి ఎవరినైనా గుద్దితే అది వేరే కథ. సొట్టకు స్టేషన్‌కు వెళ్తే, సివిల్ వ్యవహారం, మాట్లాడుకోండి అని పంపేస్తారు. వాళ్లు చెప్పేది సరైనదే.

వారంటీ. వ్యాపారంలో పోటీని అణచకుండా చూసే మన కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసిన ఉత్తర్వు ఒకటుంది. విడిభాగాలు బయట దొరకనివ్వడం లేదన్నది అందులో అసలు ఆరోపణ. బయటి మెకానిక్ చేయి పడిందన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేసే షరతు పెట్టవద్దని, బయటి పని వల్ల పాడైన మేరకే నిరాకరించవచ్చని అందులోనే చెప్పింది. తర్వాత అప్పీళ్లు నడిచాయి, కంపెనీలు ఊరుకుంటాయా? అయినా ఆలోచించండి: తలుపు సొట్ట బయట టింకరింగ్ షాపులో తీయించుకుంటే ఇంజిన్ వారంటీ ఎలా పోతుంది? ఆ తలుపు రంగు మీద హామీ పోతే పోవచ్చు.

ఇక గేటు. గేటుకూ చట్టానికీ ఏ సంబంధమూ లేదు. సేవాలోపం మీద ఫిర్యాదుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం రెండేళ్లు గడువిచ్చింది. అయితే గేటుకూ రుజువుకూ చాలా సంబంధం ఉంది. ఇంటికి వెళ్లి నాలుగు రోజుల తర్వాత చూసుకుని ఫోను చేస్తే, అవతలివాడు అడిగే మొదటి మాట “మధ్యలో ఎక్కడెక్కడ తిప్పారు సార్?” దానికి మన దగ్గర జవాబు ఉండదు.

నేను గేటు దగ్గరే వంగి చూడబట్టి బతికిపోయాను. ఎడమవైపు తలుపుల కింద, నేలకేసి ఉండే ఇనుప అంచు. జాకీ పెట్టే చోటును చూపడానికి దాని మీద రెండు చిన్న గాట్లు ఉంటాయి, ఆ రెంటి మధ్య రేకు దిట్టంగా ఉంటుంది. లిఫ్టు చేయి ఆ చోటు తప్పించి జానెడు అవతల పెట్టి కారును ఎత్తారు. బరువుకు అంచు మడిచిన అట్టముక్కలా లోపలికి ముడుచుకుపోయింది, రంగు పెచ్చులుగా లేచి కింది బూడిదరంగు ప్రైమర్ బయటపడింది. వేలితో తడిమితే నల్ల రబ్బరు పలుకు ఒకటి ఊడి చేతికొచ్చింది. లిఫ్టు చేయి మీద తొడుగుతారే, ఆ రబ్బరు. నెల్లూరు రోడ్ల మీద లిఫ్టు రబ్బరు అంటించే గుంతలు ఇంకా రాలేదు. ఆ పలుకు పట్టుకుని ఫోటో తీశాను, పక్కనే మీటరు రీడింగు కనబడేలా ఇంకోటి.

జాబ్ కార్డు వెనక “వాహనం యజమాని సొంత బాధ్యతపై ఉంచబడినది” అని చీమతలకాయంత అక్షరాల్లో ఉండే మాట నిజమే, ఉంటుంది. అది చూసి నీరుకారిపోవాల్సిన పనిలేదు. వస్తువును మరొకరికి అప్పగిస్తే, తెలివిగల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలని 1872 కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ అంటుంది. 1998లో దిల్లీలో ఒక పెద్ద హోటల్లో పార్కింగ్ సిబ్బందికి తాళాలిచ్చిన కారు దొంగలపాలైంది. టోకెను మీద ఇలాంటి షరతే అచ్చువేసి ఉంది. సొంత సిబ్బంది నిర్లక్ష్యం నుంచి తప్పించుకోవడానికి అలాంటి షరతు పనికిరాదని సుప్రీంకోర్టు 2019 నవంబరులో తేల్చింది. అది హోటలు కేసు, వర్క్‌షాపుది కాదు. కానీ తాళం చేతిలో పెట్టించుకున్నవాడి బాధ్యత అన్న సూత్రం ఒకటే.

అదే కాంట్రాక్టు చట్టం సందేశంలోని తర్వాతి వీరోచిత సలహాను మాత్రం మట్టికరిపిస్తుంది. పని చేసినవాడు తన కూలి ముట్టేదాకా ఆ వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చు. 170వ సెక్షన్ ఇస్తున్న హక్కు అది. బిల్లు ఎగ్గొట్టి కారు తెచ్చుకోమనేవాడు మిమ్మల్ని తప్పులోకి నెడుతున్నాడు. బిల్లు కట్టండి, కానీ రెండు కాపీల మీదా “ఎడమవైపు కింది అంచు దెబ్బతిన్నది, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను” అని రాసి తేదీ వేయండి. “పని సంతృప్తికరం” అన్న పెట్టెలో టిక్కు పెట్టకండి. నేను రాస్తుంటే కౌంటరు అమ్మాయి కంగారుపడింది. రాయకూడదని చెప్పే ధైర్యం మాత్రం ఎవరూ చేయలేదు.

ఇప్పుడు అసలు విషానికి వద్దాం. ఇన్సూరెన్స్ సలహా.

మిగతా అబద్ధాలు నమ్మితే డబ్బో సమయమో పోతుంది. ఇది నమ్మితే తప్పు చేసినవాడి స్థానంలోకి మీరు వెళ్లి కూర్చుంటారు. ఆ రోజు సర్వీస్ అడ్వైజరు నన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఎంతో ఆప్యాయంగా ఒక ఫారం ముందుకు తోశాడు. “ఇన్సూరెన్స్ ఉంది కదా సార్, మీకెందుకు టెన్షన్? ఇక్కడ సంతకం చేయండి, మిగతాది మేం చూసుకుంటాం.” ప్రమాదం ఎలా జరిగింది అన్న గడిలో అప్పటికే నీలం పెన్నుతో రాసి ఉంది: “ఇంటి వద్ద రివర్స్ చేయుచుండగా గోడ తగిలినది.” నడిపిన వ్యక్తి నేనట. తేదీ ఆ రోజుదే. ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నర నుంచి కారు వాళ్ల లిఫ్టు మీద ఉంది, నేను మాగుంట లేఅవుట్‌లో ఒక పెళ్లి భోజనంలో ఉన్నాను. గోడకు రివర్సులో తగిలిన కారుకు వెనక బంపరు వదిలేసి పొట్ట కింద ఎలా నలిగిందో బీమా కంపెనీ పంపే సర్వేయరు అడిగితే నేనేం చెప్పాలి? గోడ కారు కిందికి దూరిందనా?

బీమా అంతా నిజం చెప్పడం మీద నడిచే ఒప్పందం. క్లెయిములో తెలిసి అబద్ధం రాస్తే దాన్ని తిరస్కరించడానికి కంపెనీకి అంతకన్నా కారణం అక్కర్లేదు. రాసింది ఎవరైనా, కింద సంతకం మీది. పైగా, రేపు వర్క్‌షాపు మీద ఫిర్యాదుకు వెళ్తే వాళ్ల వకీలు చేతిలో ఉండే మొదటి కాగితం అదే: “గోడకు గుద్దింది తనేనని వీరే రాసిచ్చారు.”

నీతి సంగతి పక్కన పెట్టండి, పైసా పోదన్న మాట లెక్కకైనా నిలబడుతుందా? క్లెయిము లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, వరసగా 20, 25, 35, 45, 50 శాతం. మీ సొంత నష్టం ప్రీమియం, అంటే మీ కారుకే జరిగే నష్టం కోసం కట్టే భాగం, 12,000 అనుకోండి. 50 శాతంలో ఉంటే కట్టేది 6,000. ఒక్క క్లెయిము పెడితే బోనసు సున్నా. వచ్చే ఏడు 12,000, ఆపైన 9,600, 9,000, 7,800, 6,600. ప్రీమియం మారదనుకున్నా, మళ్లీ 6,000 దగ్గరికి వచ్చేలోపు మీరు అదనంగా కట్టింది 15,000. ఇది కాక ప్రతి క్లెయిములో మీ వాటాగా తప్పనిసరి కోత, 1500 సీసీ దాకా వెయ్యి, దాటితే రెండు వేలు. మామూలు పాలసీ అయితే ప్లాస్టిక్, రబ్బరు భాగాల్లో సగం, రంగు ఖరీదులో సగం కూడా మీదే. తరుగు కింద కోత పెట్టని జీరో డిప్రిసియేషన్ రక్షణ ఉంటే ఆ సగాలు మిగులుతాయి, బోనసు మాత్రం మిగలదు. దాన్ని కాపాడే అదనపు రక్షణ విడిగా కొనుక్కుని ఉండాలి.

ఎవరికి లాభమో కూడా చూడండి. చెడగొట్టింది వాళ్లు. బాగుచేసి బిల్లు వేసేది వాళ్లు. ఆ బిల్లు బీమా కంపెనీ నుంచి వసూలు చేసుకునేదీ వాళ్లే. చెంప పగలగొట్టి కట్టు కట్టినందుకు కూలి అడిగినట్టు! నిజానికి తమ ప్రాంగణంలో ఉన్న బండ్లకు జరిగే నష్టానికి వర్క్‌షాపులు తీసుకునే మోటార్ ట్రేడ్ పాలసీలు వేరే ఉన్నాయి. తీసుకున్నారా అని అడగండి. నేను అడిగాను. టీ గ్లాసు తీసుకెళ్లిపోయారు.

వేరే దారి లేక మీ బీమానే వాడాల్సి వస్తే నిజం రాయండి: సర్వీసు కేంద్రంలో, వాళ్ల సిబ్బంది చేతిలో దెబ్బతిన్నదని. మీకు చెల్లించిన కంపెనీ ఆ సొమ్ము కోసం వర్క్‌షాపు వెంట పడగలదు.

మిగిలింది వినియోగదారుల కోర్టు, చట్టం భాషలో కమిషన్. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజే లేదు. సర్వీసు బిల్లు 5 లక్షలయ్యే కార్లవాళ్లు ఇది చదవరు. కారు చెన్నైలో పాడైనా, మీరు ఒంగోలులో ఉంటే ఒంగోలు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. అంతదూరం వెళ్లక ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి నమోదు చేయించుకోవచ్చు. నా వ్యవహారం అక్కడిదాకా పోలేదు. ఫోటోలు, జాబ్ కార్డు, అభ్యంతరం రాసిన బిల్లు జతచేసి, 15 రోజుల గడువిచ్చి రిజిస్టరు పోస్టులో ఉత్తరం పంపాను. పదకొండో రోజున “కారు తీసుకురండి సార్” అన్నారు. అంచు సరిచేసి రంగు వేశారు. లోపల తుప్పు పట్టకుండా వేయాల్సిన పూత ఎగ్గొట్టారు, మైపాడు ఉప్పుగాలి తగిలే ఊళ్లో. దానికోసం ఇంకో ఉత్తరం.

పదేళ్లన్న మాట మీద మాత్రం రాసినవాడితో పూర్తిగా పోట్లాడలేను. వస్తువును ల్యాబులో పరీక్షించాల్సిన అవసరం లేని ఫిర్యాదు మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. అది చదివి ఆశపడ్డవాళ్లను కమిషన్ వరండాలో చూశాను. వాయిదా, మళ్లీ వాయిదా. అవతలి పక్షం వకీలుకు ఒకసారి జ్వరం, ఒకసారి ఇంకో కోర్టు. ఉదయగిరి నుంచి బస్సెక్కి వచ్చిన మనిషికి ప్రతి వాయిదా ఒక రోజు కూలి. పదేళ్లు అబద్ధమే, మూడు నెలలూ అబద్ధమే.

అన్నట్టు శనివారం. ఆ ముక్క చదివి మొదట నవ్వాను, రాహుకాలం కూడా చూడమనాల్సింది అనుకున్నాను. తర్వాత నా జాబ్ కార్డు తీసి చూశాను. శనివారమే. ఆదివారం ఊళ్లకు పోవాలని అందరూ ఆ రోజే ఇస్తారు, సాయంత్రానికి అన్నీ అప్పగించాలి, ఉన్న లిఫ్టులు రెండు. ఆ తొందరలో జానెడు తేడా రావడంలో వింతేమీ లేదు. మొత్తం సందేశంలో పనికొచ్చే మాట అదొక్కటే, దాన్ని చివర పెట్టాడు మహానుభావుడు.

ఇదంతా రాసి మా బావకు పంపాను. చూసినట్టు నీలం గీతలు వచ్చాయి. గంట తర్వాత జవాబు: “బాగుంది బావా. ఇంతకీ సంతకం పెట్టమంటావా, వద్దంటావా? సోమవారం నుంచి కారు వాళ్ల దగ్గరే ఉంది.”